దగ్గంతా టి.బి. కాదు: ఫౌండ్రీ పనివారి ఊపిరితిత్తుల గురించి



మన అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాన నీడలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వాన, అదీ అదునుకు రాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఊళ్ళో వయసువాళ్ళు బెంగుళూరు బస్సో, బళ్ళారి బస్సో ఎక్కడం మన ఇళ్ళల్లో కొత్త సంగతి కాదు. ఏం పనికి పోయాడని అడిగితే ఇంట్లోవాళ్ళు "కంపెనీలో పని" అంటారు. అంతకు మించి వాళ్ళకూ తెలియదు. నెలనెలా డబ్బు వస్తోంది, పిల్లల ఫీజు కట్టారు, అప్పుకు వడ్డీ కట్టారు.

కొన్నేళ్ళకు ఆ మనిషి దగ్గుతో, ఆయాసంతో తిరిగి వస్తాడు. గుట్ట మీది పొలానికి నడిచేవాడు ఇప్పుడు వీధి చివరి కొళాయి దాకా నడిచి ఆగిపోతాడు. టి.బి. మందులు ఒకసారి వాడాను, రెండోసారి కూడా వాడాను, నెమ్మదించలేదు అంటాడు. అతని ఆసుపత్రి చీటీ చూస్తే వృత్తి అన్న చోట "వ్యవసాయం" అనో "కూలి" అనో ఉంటుంది. అందులో అబద్ధం లేదు, ఇప్పుడు చేస్తున్న పని అదే. అయితే జబ్బు పుట్టిన చోటు మాత్రం ఆ చీటీలో లేదు. ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు ఇనుము పోతపోసే షెడ్డులో ఇసుక కలిపాననీ, అచ్చులు పగలగొట్టాననీ అతను చెప్పలేదు. జ్వరానికీ, దగ్గుకూ ఆ పనితో సంబంధం ఉంటుందని ఎవరూ అతనికి చెప్పలేదు కాబట్టి చెప్పలేదు.

ఈ సంచికలో ఆ చెప్పకుండా మిగిలిపోయిన పని గురించి రాస్తున్నాం. మన ఆసుపత్రికి వచ్చేవారూ, సంఘ కుటుంబాలవారూ దీన్ని చదివి, ఇంట్లో ఎవరైనా ఫౌండ్రీ పనికి పోయి ఉంటే వారికి వినిపించాలని కోరుతున్నాం.

ఫౌండ్రీలో దుమ్ము ఎక్కడ పుడుతుంది?

ఫౌండ్రీ అంటే లోహాన్ని కరిగించి అచ్చులో పోసి వస్తువు తీసే కార్ఖానా. మన పొలంలో బోరులోకి దించే మోటారు పంపు భాగాలు, రోడ్డు మీద మురుగు గుంతకు వేసే ఇనుప మూత, లారీ బ్రేకు డ్రమ్ము, చివరికి గుడి గంటా, చర్చి గంటా కూడా పోతపోసినవే. కోయంబత్తూరు పంపులకు పేరు రావడానికి ఆ ఊరి ఫౌండ్రీలే మూలం. హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల వైపు, బెంగుళూరులో పీణ్య వైపు ఇలాంటి షెడ్లు ఉన్నాయి. మన దగ్గర హిందూపురం, తాడిపత్రి ప్రాంతాల్లో ఉక్కు కార్ఖానాలు ఉన్నాయి. (హిందూపురం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మనకు అది ఇంకా మన ఊరే.)

చాలామంది కొలిమి చూసి భయపడతారు. కరిగిన ఇనుము 1,400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది, భయపడటం న్యాయమే. కానీ ఊపిరితిత్తులకు పెద్ద శత్రువు నిప్పు కాదు, ఇసుక. అచ్చు చేయడానికి సన్నని సిలికా ఇసుకలో బెంటొనైట్ బంకమన్ను, బొగ్గుపొడి, నీళ్ళు కలిపి దిమ్మిస చేస్తారు. అందులో లోహం పోస్తారు. లోహం గట్టిపడ్డాక అచ్చును పగలగొట్టి వస్తువును బయటికి తీస్తారు. దీన్ని పనివాళ్ళు "నాకౌట్" అంటారు. తడిగా ఉన్న ఇసుక ఆ వేడికి పూర్తిగా ఎండిపోయి, గింజలు పగిలి, తట్టగానే పొగలాగా లేస్తుంది. ఆ తరువాత వస్తువుకు అంటుకున్న ఇసుకను గ్రైండరుతో గీకి నున్నగా చేస్తారు. ఇది "ఫెట్లింగ్". ఫౌండ్రీ మొత్తంలో ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు చేసే పనులు ఈ రెండూను.

మూడోది కూడా ఒకటి ఉంది. దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కరెంటుతో కరిగించే ఇండక్షన్ కొలిమికి లోపల పలుగురాయి పొడితో పూత వేస్తారు. ర్యామింగ్ మాస్ అంటారు దాన్ని. కొన్ని కరుగులు పోయాక ఆ పూత చెడిపోతుంది. అప్పుడు ఒక మనిషి చల్లారిన కొలిమిలోకి దిగి, పాత పూతను సుత్తితో కొట్టి ఊడదీసి, కొత్త పొడి పోసి దిమ్మిస చేయాలి. నాలుగు పక్కలా గోడలు, గాలి ఆడదు. పైగా ఎన్నోసార్లు కాలిన ఆ పలుగురాయిలో కొంత భాగం క్రిస్టోబలైట్ అనే రూపానికి మారి ఉంటుంది. అది ఊపిరితిత్తులకు మామూలు పలుగురాయి పొడి కంటే ఎక్కువ చేటు అంటారు. ఈ పని తరచుగా కాంట్రాక్టు మేస్త్రీ కింద కొత్తగా చేరిన కుర్రవాళ్ళకే పడుతుంది.

ఇసుక అంటే సిలికానే కదా, మరి చిత్రావతి ఇసుకతో ఇల్లు కట్టే మేస్త్రీలందరికీ ఈ జబ్బు రావాలి కదా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఏటి ఇసుక గింజ పెద్దది. అది ముక్కులోనే ఆగిపోతుంది, లేదా నేల మీద పడిపోతుంది. ఆ గింజ పగిలి, వెంట్రుక మందంలో పదిహేనో వంతు కంటే సన్నగా అయినప్పుడే లోపలికి పోతుంది. కాబట్టి రాయిని కోసే చోట, గీకే చోట, పొడి చేసే చోటే ముప్పు. గ్రానైట్ కోతలోనూ, పలుగురాయి క్రషర్లలోనూ, మన జిల్లాలో ఏ ఎండాకాలం చూసినా తిరుగుతూ ఉండే బోరు లారీల మీద రాతిని తొలిచే కుర్రవాళ్ళకూ ఇదే జబ్బు వస్తుంది. తాడిపత్రి నల్లబండ సున్నపురాయి జాతిది, గ్రానైటుతో పోలిస్తే అందులో సిలికా తక్కువ. అయినా పాలిషు దుమ్ము మంచిదేమీ కాదు.

కనిపించే దుమ్ము, కనిపించని దుమ్ము

కంటికి కనిపించే దుమ్ము చూసి మనం ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం. అది పోయాక గుడ్డ తీసేస్తాం. అసలు ముప్పు అప్పుడే. పెద్ద రేణువులు నిమిషాల్లో నేలకు దిగిపోతాయి. సన్ననివి మాత్రం గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటాయి. భోజనానికి షెడ్డులోనే కూర్చున్న పనివాడు వాటిని పీలుస్తూనే ఉంటాడు.

ఎంత దుమ్ము ఎక్కువ? అమెరికా ప్రభుత్వం 2016లో పెట్టిన హద్దు ప్రకారం, ఎనిమిది గంటల పని సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 0.05 మిల్లీగ్రాములకు మించి ఇలాంటి సన్నని సిలికా ఉండకూడదు. ఈ అంకె ఒట్టిగా చెబితే తలకెక్కదు. లెక్క వేసి చూద్దాం. 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు ఉన్న పెద్ద షెడ్డు తీసుకోండి. అందులో 20,000 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలి మొత్తాన్ని ఆ హద్దు దాకా చేర్చడానికి ఒక్క గ్రాము సన్నని పొడి చాలు. అంటే రెండు వేళ్ళతో తీసిన కాస్త ఉప్పంత. ఎండిన అచ్చులు రోజంతా పగలగొట్టే చోట ఎన్ని గ్రాములు లేస్తాయో మీరే ఊహించండి.

ఆ సన్నని రేణువు ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి తిత్తులదాకా పోతుంది. అక్కడ కాపలా కాసే కణాలు ఉంటాయి. సూక్ష్మక్రిములు వస్తే మింగి అరిగించేస్తాయి. సిలికా రేణువును కూడా అలాగే మింగుతాయి, కానీ అరిగించలేవు. కణమే చచ్చిపోతుంది, రేణువు మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా జరిగిన చోటల్లా వాపు వచ్చి, మానిన పుండు మీద మచ్చ కట్టినట్టు గట్టి గడ్డలు కడతాయి. దూదిలాగా మెత్తగా సాగవలసిన ఊపిరితిత్తి చోటుచోటున గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు.

మామూలు మోతాదులో దుమ్ము పీల్చినవారికి ఇది బయటపడటానికి పది, ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. దుమ్ము చాలా ఎక్కువగా ఉన్న చోట అయిదారేళ్ళకే వస్తుంది. మరీ దట్టమైన దుమ్ములో పనిచేసినవారికి నెలల్లోనే వచ్చిన సందర్భాలు కూడా వైద్యశాస్త్రంలో ఉన్నాయి. గట్టిపడిన ఊపిరితిత్తిని తిరిగి మెత్తబరిచే మందు ఇప్పటికీ లేదు. పని మానేశాక కూడా లోపల చిక్కిన దుమ్ము వల్ల జబ్బు ముందుకు పోవచ్చు. ఈ మాట రాయడం మాకు ఇష్టం లేదు, కానీ దాచితే మీకు మేలు జరగదు. అయినా పని మానేయడం వల్ల ప్రయోజనం లేదని మాత్రం అనుకోవద్దు. కొత్త దుమ్ము చేరడం ఆగితే జబ్బు నడక నెమ్మదిస్తుంది. తొలి దశలోనే పట్టుకోగలిగితే చాలామంది తమ పనులు తాము చేసుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుతారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ పొడిని మనుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. బీడీ కూడా తాగేవారికి ఆ ముప్పు రెట్టింపు కాదు, అంతకు మించి పెరుగుతుంది.

టి.బి.తో వచ్చే చిక్కు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. సిలికోసిస్ ఉన్న మనిషి ఎక్స్-రే చూస్తే ఊపిరితిత్తుల పైభాగాల్లో సన్నని చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. టి.బి. కూడా తరచుగా పైభాగాన్నే పట్టుకుంటుంది. రెండింటిలోనూ దగ్గు, ఆయాసం, నీరసం, బరువు తగ్గడం ఉంటాయి. మన దేశంలో టి.బి. ఎక్కువ. కాబట్టి ఎక్స్-రే చూసిన డాక్టరుకు మొదట టి.బి. తలపుకు రావడం సహజమే. మనిషి ఏ పని చేశాడో తెలిస్తే రెండో ఆలోచన వస్తుంది. తెలియకపోతే రాదు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం పుట్టవచ్చు. "నాది దుమ్ము జబ్బు, టి.బి. కాదు" అని మందులు మానేసేవారు ఉంటారు. అది ప్రాణాంతకం. ఎందుకంటే సిలికా వల్ల కాపలా కణాలు దెబ్బతిన్న ఊపిరితిత్తిలోకి టి.బి. క్రిమి సులభంగా జొరబడుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి టి.బి. వచ్చే అవకాశం మిగతావారి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పని మానేసిన తర్వాత కూడా ఆ ముప్పు పోదు. అంటే ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు. అలాంటప్పుడు టి.బి. మందులు మామూలు ఆరు నెలల కంటే ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు తెలియాలంటే మళ్ళీ అదే ప్రశ్న దగ్గరికి రావాలి: ఇంతకు ముందు ఏ పని చేశారు?

కాబట్టి ఊహతో తేల్చకూడదు. తెమడ పరీక్ష చేయించాలి. ట్రూనాట్, సి.బి.నాట్ అనే పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టి.బి. క్రిమి ఉందా, ఉంటే మామూలు మందుకు లొంగేదా కాదా అని గంటల్లో చెబుతాయి. టి.బి. తేలితే మందులు ఉచితంగా ఇస్తారు. పౌష్టికాహారానికి నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. తెమడలో క్రిమి లేకుండా, ఎక్స్-రేలో చుక్కలుండి, దుమ్ము పని చేసిన చరిత్ర ఉంటే అప్పుడు సిలికోసిస్ గురించి గట్టిగా ఆలోచించాలి. స్పైరోమెట్రీ అని ఒక గొట్టంలోకి ఊదించే పరీక్ష ఉంటుంది, ఊపిరితిత్తుల శక్తి ఎంత మిగిలిందో దానితో తెలుస్తుంది. టి.బి. లేదని తేలిన సిలికోసిస్ రోగికి అది రాకుండా ముందుజాగ్రత్త మందులు ఇవ్వవచ్చా అన్నది కూడా డాక్టరుతో మాట్లాడండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి.

ఇంకొక మాట ఇంట్లోవాళ్ళకు. సిలికోసిస్ అంటుజబ్బు కాదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు. టి.బి. ఉందో లేదో పరీక్షలో తేలేదాకా మాత్రం దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలు.

సోమవారం జ్వరం, వాసన లేని విషవాయువు

ఇనుము కాకుండా ఇత్తడి పోతపోసే చోట వేరే బాధ ఒకటి ఉంది. ఇత్తడిలోని తుత్తునాగం వేడికి ఆవిరై తెల్లని పొగలా లేస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకు, సాధారణంగా సాయంత్రం ఇంటికి చేరాక, చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, దాహం, నోట్లో లోహం రుచి వస్తాయి. మలేరియా అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. వారమంతా పని చేస్తుంటే శరీరం కొంత అలవాటు పడుతుంది, ఆదివారం సెలవుతో ఆ అలవాటు పోతుంది, సోమవారం మళ్ళీ జ్వరం వస్తుంది. అందుకే దీన్ని సోమవారం జ్వరం అని పిలిచే అలవాటు చాలా దేశాల్లో ఉంది. పాలు తాగితే విరుగుడు అంటారు, అది నిజం కాదు. కొన్ని ఫౌండ్రీల్లో అచ్చు లోపలి భాగాలు గట్టిపడటానికి వాడే రెజిన్ రసాయనాల వల్ల కొందరికి ఉబ్బసం మొదలవుతుంది. పని రోజుల్లో ఎక్కువై, సెలవుకు ఊరికి వస్తే తగ్గే ఆయాసం ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

విషవాయువు సంగతి వేరు. అది ఏళ్ళ మీద కాదు, నిమిషాల మీద చంపుతుంది. 2018 జూలై 12న తాడిపత్రి దగ్గరి ఒక ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు చనిపోయారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చునే చోటును అది 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్ళు తేలిపోవడం మొదటి గుర్తులు. కొలిమి దగ్గర గానీ, గుంతలో గానీ తోటివాడు పడిపోతే ఊపిరి బిగపట్టి లోపలికి దూకాలనిపిస్తుంది. మనిషి మంచితనం అలాంటిది. కానీ గ్యాస్ ఉన్న చోట కాపాడబోయినవాడు కూడా పక్కనే పడిపోవడం ఎన్నో ప్రమాదాల్లో జరిగింది. గ్యాస్ ఆపించి, గాలి ఆడేలా చేసి, ప్రాణవాయువు సిలిండరుతో కూడిన ముసుగు ఉన్నవారే లోపలికి పోవాలి. గుడ్డ గానీ, దుమ్ము మాస్కు గానీ ఈ వాయువును ఆపలేవు.

బెల్లం, తడిగుడ్డ, మాస్కు

దుమ్ము పని చేసేవారికి సాయంత్రం బెల్లం ముక్క ఇచ్చే ఆచారం చాలా చోట్ల ఉంది. బెల్లం తింటే లోపలి దుమ్ము దిగిపోతుందని నమ్మకం. కొందరు అరటిపండు అంటారు, ఇంకొందరు సారా అంటారు. తిన్నది పొట్టలోకి పోతుంది. దుమ్ము పోయింది గాలి గొట్టంలోకి. ఆ రెండు దారులూ గొంతు దగ్గరే విడిపోతాయి. బెల్లం తినవద్దని మేము అనడం లేదు, అది ఇచ్చినందుకు యజమాని బాధ్యత తీరిపోయిందని మాత్రం అనుకోవద్దు.

తడిగుడ్డ కట్టుకోవడం ఏమీ లేకపోవడం కంటే కాస్త నయం, అంతే. సన్నని రేణువు గుడ్డ నేత సందుల్లోంచి సులభంగా దూరిపోతుంది. ఎన్-95 అని రాసి ఉండే మాస్కు దాన్ని చాలావరకు ఆపగలదు. అయితే అది ముఖానికి అంటుకుని ఉండాలి. గడ్డం పెరిగినవారికి పక్కల నుంచి గాలి పోతుంది. చెమటకు తడిసిన మాస్కు, వారం రోజులు వాడిన మాస్కు పనికిరావు. మే నెల ఎండలో, కొలిమి పక్కన ఎనిమిది గంటలు మాస్కుతో ఉండటం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే మాస్కు చివరి రక్షణ గానీ మొదటిది కాదు.

మొదటిది దుమ్ము పుట్టకుండా చూడటం, పుడితే అక్కడికక్కడే లాగేయడం. ఇసుక మీద నీళ్ళు చిలకరిస్తే దుమ్ము లేవదు (కరిగిన లోహం ఉన్న చోట మాత్రం నీటిచుక్క కూడా పడకూడదు, పేలుతుంది). గ్రైండరు దగ్గర, అచ్చులు పగలగొట్టే చోట గాలిని లాగే గొట్టం పెట్టాలి. పొడిచీపురుతో ఊడ్చవద్దు. ఒంటి మీది దుమ్మును కంప్రెసరు గాలితో దులుపుకోవడం అన్ని షెడ్లలోనూ ఉన్న అలవాటు. ఒక్క నిమిషంలో బట్టల మీది దుమ్మంతా ముక్కులోకి పోతుంది. దయచేసి అది మానండి. బ్రిటన్ దేశంలో పోత వస్తువులను ఇసుక జల్లి శుభ్రం చేసే పద్ధతిని 1950 నుంచే నిషేధించి, ఇనుప గుళ్ళు జల్లే పద్ధతికి మారారు. అది ఖరీదైన విద్య ఏమీ కాదు. మన దగ్గర కూడా పెద్ద ఫౌండ్రీల్లో ఉంది, చిన్న షెడ్లకే ఇంకా రావాలి.

పని బట్టలు అక్కడే మార్చుకుని, స్నానం చేసి గదికి పోవాలి. వాటిని ఉతికే ఇల్లాలు పొడిగా దులపకుండా ముందు నీళ్ళలో నానబెట్టాలి.

కాగితాల సంగతి

మన పొరుగున ఉన్న కోలారు బంగారు గనుల్లో 1940లలో కార్మికులను పరీక్షించినప్పుడు నూటికి 40 మందికి పైగా ఈ జబ్బు గుర్తులు కనిపించాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. గని కార్మికుడు ఒకే చోట ముప్పై ఏళ్ళు పనిచేసేవాడు, అతని పేరు పుస్తకంలో ఉండేది. నేటి వలస పనివాడి పేరు ఎక్కడా ఉండదు. ఇదే పెద్ద కష్టం.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ వైపు గిరిజనులు కూడా మనలాగే వానలు లేక వలస పోయినవారే. గుజరాత్‌లోని గోద్రా ప్రాంతంలో పలుగురాయిని పొడి చేసే కార్ఖానాల్లో పనిచేసి జబ్బుపడి వచ్చారు. 2006లో ఆ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2016లో కోర్టు, చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయలు ఇవ్వాలని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పదేళ్ళు పట్టింది. ఆ డబ్బు చూసుకోవడానికి జబ్బుపడినవారు లేరు. ఎవరు ఎక్కడ పనిచేశారో ఊరూరా తిరిగి రాసిపెట్టిన మనుషులు ఉండబట్టి ఆ మాత్రమైనా వచ్చింది.

సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఉంది. ఈ జబ్బు చూసిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ అధికారి కార్యాలయానికి తెలియజేయాలి. అది డాక్టరు దయ కాదు, విధి. జీతంలో ఇ.ఎస్.ఐ. కోత ఉన్నవారికి వైద్యంతో పాటు, పనిచేసే శక్తి పోయినందుకు నెలనెలా భత్యం, మనిషి పోతే కుటుంబానికి భత్యం వచ్చే ఏర్పాటు ఉంది. కార్మికుడి వంతు కోత నూటికి 75 పైసలు, అంటే పదివేల జీతానికి 75 రూపాయలు. జీతం చీటీలో ఆ అంకె ఉందో లేదో చూసుకోండి. మేస్త్రీ కింద చేరినా అసలు యజమానికి బాధ్యత ఉంటుంది. ఇ.ఎస్.ఐ. లేని చోట పనిచేసినవారు పరిహారం కోసం కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వీటన్నిటికీ ఆధారం కావాలి. ఫౌండ్రీలో చేరిన తేదీ, మానిన తేదీ, షెడ్డు పేరు, ఊరు, చేసిన పని, మేస్త్రీ పేరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రాయడం రానివారు చదువుకునే పిల్లలతో రాయించండి. గేటు పాసు, జీతం చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు, బ్యాంకు పుస్తకంలో జీతం పడిన పేజీ, తోటి పనివాళ్ళ ఫోను నంబర్లు, ఏదైనా పనికి వస్తుంది.

క్రిస్మస్‌కో ఉగాదికో మనవాళ్ళు ఇంటికి వస్తారు. వచ్చిన నాలుగు రోజుల్లో ఒక పూట ఆసుపత్రికి తీసుకురండి. అయిదేళ్ళకు మించి ఫౌండ్రీలోనో, క్రషరులోనో, బోరు లారీ మీదో పనిచేసినవారు దగ్గు లేకపోయినా రావాలి, ఎందుకంటే ఎక్స్-రేలో చుక్కలు ఆయాసం కంటే ముందే కనిపించవచ్చు. వచ్చేటప్పుడు పాత ఎక్స్-రే ఫిల్ములు తప్పక తెండి. కొత్త ఫిల్ము పక్కన పాతది పెట్టి చూస్తేనే జబ్బు నడుస్తోందా, నిలిచి ఉందా తెలుస్తుంది. చాలా ఇళ్ళల్లో వాటిని మడిచి అటక మీద పడేస్తారు, గ్రహణం చూడటానికి పిల్లలకు ఇస్తారు. అలా చేయకుండా, మడతపెట్టకుండా, కవరులో పెట్టి, మీద తేదీ రాసి, రేషను కార్డు ఉంచే పెట్టెలోనే ఉంచండి.